మంట వెలిగేచోట పిల్లలు నిద్రపోకూడదు

వేసవి సెలవులకు ఊరినుంచి అమ్మమ్మా తాతయ్యా దిగుతారు. పిల్లలకు బడి ఉండదు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మన కుటుంబాల్లో అప్పుడు పుట్టే ఆలోచన ఒకటుంది: ఈసారి హోటళ్లు వద్దు, వంటా పడకా లోపలే ఉండే ఆర్వీ బండి ఒకటి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్దాం. మంచి ఆలోచనే. పెద్దవాళ్లకు వేళకు ఇంత చారన్నం దొరుకుతుంది. చంటిపిల్లకు ఎక్కడంటే అక్కడ పాలు కాచుకోవచ్చు. మామగారి మోకాళ్ల నొప్పులకు మధ్యమధ్యలో నడుం వాల్చే చోటు ఉంటుంది.

బండి అద్దెకిచ్చేవాళ్లు తాళాలు చేతికిచ్చే ముందు అంతా తిప్పి చూపిస్తారు. అప్పటికే పిల్లలు పై బెర్తు ఎవరిదని పోట్లాడుకుంటూ ఉంటారు. నీళ్ల ట్యాంకు నింపడం, మురుగు గొట్టం తగిలించడం కొత్త కాబట్టి వాటిగురించి శ్రద్ధగా వింటాం, ఫోనులో వీడియో కూడా తీసుకుంటాం. గ్యాసు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇది తెలిసిందేగా" అనేస్తాం. అమ్మమ్మ అయితే నలభై ఏళ్లుగా గ్యాసు పొయ్యి మీదే వండుతోంది, ఆవిడకు ఒకరు నేర్పాలా? అక్కడే ఒక్క నిమిషం ఆగండి. పొయ్యి ఆవిడకు తెలిసిందే. ఆ పొయ్యి ఉన్న గది మాత్రం కొత్తది.

ఊళ్లో వంటింటికి కిటికీ ఉంటుంది, పెరటి తలుపు సగంరోజు తెరిచే ఉంటుంది. పాతికడుగుల ఆర్వీలో ఉండే గాలంతా కలిపితే సుమారు 35 ఘనపు మీటర్లు. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలిలో ఉన్న ఆక్సిజన్ అంతా కావాలి. అదే గాలిని ఆరుగురు మనుషులు పీలుస్తుంటారు. ఆక్సిజన్ చాలకపోతే మంట వెంటనే ఆరిపోదు. అరకొరగా మండుతూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఆక్సిజన్‌కు అక్కడ చోటుండదు. పిల్లలు పెద్దవాళ్లకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్ల ఒంట్లోకి అది ముందే చేరుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. తల్లి తేరుకున్నా, కడుపులో బిడ్డ రక్తాన్ని అది అంత త్వరగా వదలదు.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పే నియమం ఒక్కటే. చిన్న గదిలో, డేరాలో, బండిలో మంట వెలుగుతున్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు మెలకువగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. పడుకునే వేళకు మంట ఆరిపోవాలి. మిగతా జాగ్రత్తల్లో ఒకటి మరిచిపోయినా దీన్ని మాత్రం మరవకండి.

2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో జరిగిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. కేరళ నుంచి వెళ్లిన స్నేహితుల కుటుంబాలు పోఖరా చూసుకుని తిరిగొస్తూ ఆ రాత్రికి కొండమీది రిసార్టులో ఆగాయి. ఎముకలు కొరికే చలి. ఎనిమిది మంది ఒకే గదిలో సర్దుకున్నారు. తలుపులూ కిటికీలూ బిగించి, గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్నారు. తెల్లారి చూస్తే ఎనిమిది మందికీ స్పృహ లేదు. హెలికాప్టర్‌లో కాఠ్మాండూ తీసుకెళ్లినా ఒక్కరూ దక్కలేదు. వాళ్లలో నలుగురు పిల్లలు. వేరే గదిలో పడుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

ఆ తల్లిదండ్రులది నిర్లక్ష్యమని నేననలేను. పిల్లలు చలికి వణుకుతుంటే ఏ అమ్మయినా, ఏ నాన్నయినా చేసేదే వాళ్లూ చేశారు. ముందు కిటికీ మూస్తాం, తర్వాత వేడి కోసం చూస్తాం. ఆ రెండు పనులూ ఒకేసారి చేయడంలోనే ఉంది ప్రమాదమంతా. అందుకే చలికి మందు బయల్దేరే ముందే సర్దుకోవాలి. ఎల్లోస్టోన్‌లో చాలా క్యాంప్‌గ్రౌండ్‌లు 7,000 అడుగులకు పైనే ఉంటాయి. మండువేసవిలో కూడా అక్కడ కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టే చలి దాకా వెళ్తాయి. టెక్సస్ ఎండల్లోంచి నిక్కర్లతో బయల్దేరిన పిల్లలకు అది ఊహకందదు. ఉన్ని టోపీలు, మేజోళ్లు, మనిషికో రగ్గు అదనంగా పెట్టండి. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి పక్కలో పెట్టుకుంటే అమ్మమ్మకు హాయిగా ఉంటుంది, గాలినీ పాడుచేయదు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఆర్వీలో అమర్చి ఉండే ఫర్నేస్ కూడా ప్రొపేన్‌తోనే నడుస్తుంది. కానీ అది గాలిని బయటినుంచి తీసుకుని, పొగను బయటికే వదిలేలా మూసి కట్టిన పెట్టెలో మండుతుంది. అది సవ్యంగా ఉంటే, అలారం పనిచేస్తుంటే, రాత్రి వేసుకుని పడుకోవచ్చు. బండి పక్కగోడ మీద దాని గొట్టం మూతి కనిపిస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి అందులోకి తొంగిచూడండి. కందిరీగలకూ సాలీళ్లకూ ఇలాంటి గొట్టాలంటే మహా ఇష్టం, చలికాలమంతా నిలిపి ఉంచిన బళ్లలో గూళ్లు కట్టేస్తాయి. పొగ పోయే దారి మూసుకుపోతే ఇంత పకడ్బందీగా చేసిన పెట్టె కూడా నమ్మదగింది కాకుండా పోతుంది.

వంటపొయ్యి సంగతి అలా కాదు. అది మనం పీల్చే గాలితోనే మండుతుంది, వదిలేదీ మన మధ్యకే. గది వేడెక్కడానికి దాన్ని వెలిగించి ఉంచడం ఎప్పుడూ పనికిరాదు, అయిదు నిమిషాలకైనా సరే. క్యాంపింగ్ దుకాణాల్లో అమ్మే, చేత్తో మోసుకెళ్లే చిన్న గ్యాసు హీటర్ల మీద "ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆరిపోతుంది" అన్న అర్థంలో రాసి ఉంటుంది. అబద్ధం కాదు. అయితే ఆ ఏర్పాటు గమనించేది ఆక్సిజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. ఎత్తైన చోట్ల గాలి పలచబడటంతో కొన్ని హీటర్లు మాటిమాటికీ ఆరిపోతాయి. విసుగొచ్చి దాన్ని మళ్లీమళ్లీ వెలిగించే నాన్నలుంటారు. ఆ హీటర్‌ను అసలు బండిలోకే ఎక్కించకపోతే ఆ గొడవే ఉండదు.

ఈ సంగతి అమెరికాకే పరిమితం కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆంధ్రా మన్యంలోని లంబసింగి, వంజంగి వెళ్లి డేరాల్లో రాత్రి గడిపే కుటుంబాలు ఎన్నో. మంచు చూడటానికి వెళ్లి, చలికి తట్టుకోలేక, చలిమంటలో మిగిలిన నిప్పుల్ని పళ్లెంలో వేసి డేరాలోకి తెచ్చుకోవాలనిపిస్తుంది. పొగ రావట్లేదు కదా అనుకుంటాం. ఎర్రగా కనకనలాడే బొగ్గులు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి, పైన బూడిద కమ్మాక కూడా. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటున్న ఇళ్లలో పెద్దలు తలుపు ఓరగా తెరిచి ఉంచమనేవారు. ఇప్పటి అపార్ట్‌మెంట్ కిటికీలూ, జిప్పు బిగించే డేరాలూ ఆ సందు కూడా మిగల్చవు.

ఇక మన వంటలు. ఆర్వీలు తయారుచేసేవాళ్లు ఊహించుకున్న వంట బహుశా ఒక గుడ్డు వేపుడూ, ఒక కాఫీనూ. మనం ఎక్కించేది కుక్కరు, ఇడ్లీ పాత్ర, పోపు గరిటె. సాంబారు మరుగుతుంటే, పక్క బర్నరు మీద అన్నం ఉడుకుతుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ గంటసేపూ పైకప్పు మీది వెంట్ తెరిచి దాని ఫ్యాన్ వేయాలి, ఒక కిటికీ కొద్దిగానైనా తీసి ఉంచాలి. ఒక్క ఫ్యాను చాలదు, గాలి లోపలికొచ్చే దారి కూడా కావాలి. అద్దాల మీద చెమ్మ పట్టి ధారలు కడుతోందంటే గాలి ఆడటం లేదని గుర్తు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదే ఆ చెమ్మ. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా లేస్తూ గిన్నె అడుగు మసిబారుతుంటే పొయ్యి ఆపేసి అద్దె సంస్థకు ఫోన్ చేయండి. బర్నరును పూర్తిగా కప్పేసే పెద్ద గిన్నెలు ఇంట్లోనే వదిలేసి రండి. నన్నడిగితే పోపులూ వేపుళ్లూ బయట బల్లమీద చిన్న పొయ్యి పెట్టుకుని చేసుకోవడం మేలు. రుచికి రుచి, గాలికి గాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటైతే గిన్నెలు మాత్రం బయట వదలకండి.

పోపు అన్నాక అలారం మాట రాక తప్పదు. మిరపకాయ చిటపటలాడగానే పొగ అలారం కుయ్యిమంటుంది, చంటిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేస్తారు. అమెరికాలో తెలుగిళ్లన్నిటికీ తెలిసిన కథే ఇది. ఇల్లు కాబట్టి ఇన్నాళ్లూ చెల్లిపోయింది. బండిలో ఆ పని చేయొద్దు. అందులో ఉండే మూడు అలారాలకూ మూడు పనులు: పొగను పట్టేది ఒకటి, కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టేది ఒకటి, లీకైన గ్యాసును పట్టేది ఒకటి. ఈ మూడోది నేలకు జానెడు ఎత్తులో, కాళ్లకు తగిలేచోట ఉంటుంది. కొన్ని బళ్లలో రెండిటిని ఒకే పెట్టెలో పెడతారు. జుట్టుకు కొట్టుకునే స్ప్రేకీ, శానిటైజరు ఆవిరికీ కూడా గ్యాసు అలారం మోగొచ్చు. అందుకని ప్రతి మోతా అబద్ధమే అనుకోకూడదు. ఈ యంత్రాలకూ ఆయుష్షు ఉంటుంది, గ్యాసు అలారానికి మామూలుగా 5 నుంచి 7 ఏళ్లు. వెనకవైపు తయారీ తేదీ ఉంటుంది, బండి తీసుకునే రోజే చూడండి. గడువు దాటితే మార్చి ఇమ్మని అడగండి. మొహమాటపడే విషయం కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీది ఒకటి మీరే కొని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, తర్వాత ఇంట్లోనూ పనికొస్తుంది.

అలారం మోగలేదు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 400 వంతులుంటే అది 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. 70 వంతులే ఉంటే గంట నుంచి నాలుగు గంటల దాకా మోగకపోవచ్చు, దాని తయారీయే అలా ఉంటుంది. ఈలోగా పిల్లకు తలనొప్పి మొదలవ్వొచ్చు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వాంతి, మత్తుగా తూలడం. చంటిబిడ్డయితే ఊరికే ఏడవడం, పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం. ప్రయాణంలో వీటికి ఎన్ని కారణాలైనా చెప్పుకోవచ్చు: ఘాట్ రోడ్డు పడలేదు, ఎత్తు పడలేదు, నిన్నటి పులిహోర పడలేదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు మాత్ర వేసి పడుకోబెడతారు. చేయకూడనిది అదే. ఒకరికి మించి ఒకేసారి బాగోలేదంటున్నా, జ్వరం లేకుండా తల పగిలిపోతోందన్నా, బయట నడిస్తే తగ్గి లోపలికి రాగానే మళ్లీ మొదలవుతున్నా, కారణం తర్వాత ఆలోచించుకోవచ్చు. ముందు అందర్నీ బయటికి తీసుకురండి.

కోవిడ్ తర్వాత మన పెద్దవాళ్ల సూట్‌కేసుల్లో బీపీ మాత్రలతో పాటు వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కూడా ప్రయాణం చేస్తోంది. ఇలాంటి వేళ తాతయ్య దాన్ని తీసి పిల్ల వేలికి పెట్టి "98 ఉంది, ఏం ఫర్వాలేదు" అంటారు. ఆ యంత్రం ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ, ఆక్సిజన్ నిండిన రక్తాన్నీ అది వేరుగా గుర్తించలేదు. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి మంచి అంకే చూపిస్తుంది. ఆసుపత్రిలో ప్రత్యేకంగా రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది. వెళ్లగానే "గ్యాసు వెలిగించిన చిన్న గదిలో ఉన్నాం" అని డాక్టరుకు మీరే చెప్పాలి. అక్కడ ఆక్సిజన్ మాస్కు పెట్టి చూస్తారు.

మన గ్యాసు ఆపేసినా పక్కవాళ్ల జనరేటరు ఉంటుంది, ఆ పొగలోనూ ఉండేది ఇదే విషం. క్యాంప్‌గ్రౌండ్‌లో బళ్లు దగ్గరదగ్గరగా నిలుపుతారు. పొగ మీ కిటికీ వైపు వస్తోంటే వెళ్లి మర్యాదగా చెప్పండి, లేదా చోటు మార్చుకోండి.

లీకు సంగతి వేరు. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీదికి దిగి అక్కడే పేరుకుంటుంది. పాకే పిల్ల ఆడుకునేదీ, కింది బెర్తులో బాబు పడుకునేదీ ఆ ఎత్తులోనే. గాలిలో దాని పాలు 2 శాతం దాటితే చాలు, నిప్పురవ్వతో అంటుకుంటుంది. కుళ్లిన వాసన రావడానికి మెర్కాప్టాన్ కలుపుతారు గానీ, జలుబు చేసిన ముక్కుకూ, వయసుతో మొద్దుబారిన ముక్కుకూ అది అందకపోవచ్చు. నిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందన్న నమ్మకమూ లేదు. వాసన వచ్చినా, నేల దగ్గరి అలారం మోగినా స్విచ్ వేయొద్దు, వేసింది ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి పోవద్దు. ఫోను కూడా బయటికొచ్చాకే. పిల్లల్ని దూరంగా పంపాక, దగ్గరికెళ్లడం క్షేమమనిపిస్తే బయటున్న సిలిండర్ వాల్వును గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పి కట్టేయండి. 911కు ఫోన్ చేయండి. మన దేశంలో అయితే గ్యాసు లీకుకు 1906.

సిలిండర్లు బండి బయట, వాటికి కేటాయించిన గూట్లోనే, నిలువుగా ఉండాలి. ఎండకు లోపలి ద్రవం పెరుగుతుందనే వాటిని 80 శాతానికి మించి నింపరు. అదనంగా ఉండనీ అని ఒకటి మంచం కింద పెట్టుకోవడం ఎంత ప్రమాదమో 2023 ఆగస్టు 26న మదురై రైల్వే యార్డులో చూశాం. లక్నో నుంచి తీర్థయాత్రకు వచ్చిన ప్రయాణికుల బోగీలో, నిషేధమున్నా తెచ్చుకున్న వంటగ్యాసు సిలిండర్ వల్ల తెల్లవారుజామున మంటలు లేచి 9 మంది చనిపోయారు. టీ కాచుకోవడం దగ్గర మొదలైంది అదంతా.

బండి నడుస్తున్నంతసేపూ గ్యాసు వాల్వు కట్టేసి ఉంచడం మంచిది. పెట్రోలు బంకులోకి తిరిగే ముందు లోపల ఏ మంటా వెలగకూడదు. గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌లో కూడా మంట ఉంటుందని చాలామందికి తట్టదు. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వైపు వెళ్లేవాళ్లు బాల్టిమోర్ సొరంగాల్లో ప్రొపేన్ మీద ఆంక్షలున్నాయని ముందే తెలుసుకోవాలి. అలాంటి బళ్లు తిరిగెళ్లే దారి ఒకప్పుడు కీ వంతెన మీదుగా ఉండేది. 2024 మార్చిలో ఓడ గుద్దుకుని అది కూలిపోయింది కాబట్టి, ఊరి పడమర పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాలి.

పిల్లలకు ఇదంతా ఎలా చెప్పడం? పడుకోబోయే ముందు విషవాయువు కథలు చెబితే రాత్రంతా మీ పక్కలోంచి కదలరు. పనులుగా అప్పగించండి. ఎనిమిదేళ్ల పాపకు సాయంత్రం అలారాల మీటలు నొక్కి చూసే ఉద్యోగం ఇవ్వండి. ఆ కూత విని నవ్వుకుంటుంది, నిజంగా మోగినప్పుడు ఆ చప్పుడు కొత్తగా అనిపించదు. అత్యవసర కిటికీకి ఎర్ర పిడి ఉంటుంది. మొదటి మజిలీలోనే దాన్ని వాళ్ల చేతే తెరిపించి చూడండి, కొన్ని బిగుసుకుపోయి ఉంటాయి. మోత వినగానే బొమ్మ కోసం, చెప్పుల కోసం ఆగకుండా ఫలానా చెట్టు దగ్గరికి వెళ్లి నిలబడాలని ఆ చెట్టేదో దిగగానే చూపించండి. పదేళ్లు దాటినవాళ్లకు కారణం కూడా చెప్పండి, కిటికీ ఎందుకు తెరిచామో తెలిస్తే వాళ్లే మనకు గుర్తుచేస్తారు. పొయ్యి మీట మీద చెయ్యి వేయడం మాత్రం ఏ వయసు పిల్లలకూ అప్పగించొద్దు.

అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త. "నీకు తెలీదు" అన్న ధ్వని వస్తే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. "ఈ బండిలో గాలి ఆడదమ్మా, నువ్వు వండుతున్నంతసేపూ కిటికీ సంగతి కాస్త చూసుకో" అంటే ఆ బాధ్యత సంతోషంగా తీసుకుంటుంది, మీకన్నా ఖచ్చితంగా నిలబెడుతుంది. పొద్దున్నే దీపం పెట్టుకునే అలవాటుంటే బయట బల్లమీద పెట్టుకోమనండి.

పెద్దవాళ్లు, పిల్లలు బండిలో ఉండగా మీరిద్దరూ సాయంత్రం అలా నడకకు వెళ్తారనుకోండి. ఎల్లోస్టోన్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు, కాబట్టి క్యాంప్ నిర్వాహకులు ఉండే చోటు తాతయ్యకు చూపించి వెళ్లండి. సిగ్నల్ ఉన్నచోట 911 అడిగే మొదటి ప్రశ్న ఎక్కడున్నారనే. క్యాంప్‌గ్రౌండ్ పేరు, మీ సైటు నంబరు తెలుగులో పెద్దక్షరాలతో కాగితం మీద రాసి తలుపుకు లోపలివైపు అంటించండి. ఇంగ్లీషు తడబడితే "తెలుగు" అని చెప్పి లైనులోనే ఉండమనండి, చాలాచోట్ల దుబాసీని కలుపుతారు. ఫోను చేసేది మాత్రం అందరూ బయటికొచ్చాకే.